మ్యాకినా జలసంధి: మిషిగన్, హ్యూరాన్ రెండు సరస్సులా, ఒకటేనా?

సంక్షిప్తంగా: ఉత్తర అమెరికాలోని మిషిగన్, హ్యూరాన్ సరస్సులను కలిపే మ్యాకినా జలసంధి వెడల్పు సుమారు 5.6 కిలోమీటర్లు, గరిష్ఠ లోతు సుమారు 90 మీటర్లు. దారి ఇంత విశాలంగా ఉండటంతో రెండు సరస్సుల నీటిమట్టం ఒకటిగానే ఉంటుంది. ఇందులో నీరు ఒకే దిక్కుకు పారదు. కొద్ది రోజులకోసారి దిశ మార్చుకుంటూ అటూ ఇటూ ఊగుతుంది. 1953లో అడుగున వేసిన చమురు పైపులైన్ మీద నడుస్తున్న వివాదం, చలికాలంలో ఓడల ఇబ్బందులు, షికాగో నగరం మళ్లించే నీటి లెక్క, అన్నీ ఈ రెండు లక్షణాల దగ్గరికే వస్తాయి.

ప్రపంచంలో విస్తీర్ణంలో పెద్ద మంచినీటి సరస్సు ఏదని అడిగితే పోటీ పరీక్షల పుస్తకాలన్నీ సుపీరియర్ అనే చెబుతాయి. దాని విస్తీర్ణం సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు. మిషిగన్ సుమారు 58,000, హ్యూరాన్ సుమారు 59,600. ఈ రెండింటినీ కలిపి లెక్కిస్తే 1,17,000 దాటుతుంది, సుపీరియర్ రెండో స్థానానికి దిగుతుంది. జలశాస్త్రం కలిపే లెక్కిస్తుంది. పటాలు, చట్టాలు, పాఠ్యపుస్తకాలు విడివిడిగా చూస్తాయి. ఈ గందరగోళం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే రెండింటినీ కలిపే సన్నని నీటిదారిని చూడాలి.

ఎక్కడుంది, ఎలా ఉంది

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం నేల రెండు ముక్కలు: ఎగువ ద్వీపకల్పం, దిగువ ద్వీపకల్పం. వాటి మధ్య ఉన్నదే మ్యాకినా జలసంధి. ఉత్తరపు ఒడ్డున సెయింట్ ఇగ్నస్, దక్షిణపు ఒడ్డున మ్యాకినా సిటీ. పడమర మిషిగన్ సరస్సు, తూర్పున హ్యూరాన్.

పటంలో చూస్తే ఒకే సందులా కనిపిస్తుంది గానీ ఓడ నడిపేవారికి ఇది చాలా మలుపుల దారి. తూర్పు నోట్లో మ్యాకినా, రౌండ్, బ్వా బ్లాంక్ దీవులు అడ్డంగా ఉంటాయి. మ్యాకినా దీవికీ రౌండ్ దీవికీ మధ్యనున్న ఇరుకు పాయ పెద్ద ఓడల దారి. బ్వా బ్లాంక్‌కు దక్షిణంగా సౌత్ చానల్ అనే మరో పాయ ఉంది. పడమటి వైపు లోతు తక్కువ. నీటి కిందే దాగిన రాతి దిబ్బల మధ్య గ్రేస్ రీఫ్ అనే సన్నని మార్గం తప్ప బరువైన ఓడలకు వేరే దగ్గరి దారి లేదు. ఇంత చిన్న ప్రాంతంలో చాలా లైట్‌హౌస్‌లు ఉండటానికి కారణమిదే. అయినా ప్రమాదాలు తప్పలేదు. 1965 మే 7న పొగమంచులో సున్నపురాయి తీసుకెళ్తున్న సెడార్‌విల్ అనే ఓడ నార్వే నౌకతో ఢీకొని మునిగింది. పది మంది చనిపోయారు.

ఈ సందును పట్టుకున్నవారి చేతిలోనే ఎగువ సరస్సుల వ్యాపారం ఉండేది. ఒజిబ్వే, ఒడావా జాతుల చేపల వేటకు ఇది తరతరాల స్థావరం. ఆ తర్వాత బొచ్చు తోళ్ల వ్యాపారం కోసం ఫ్రెంచివారు దక్షిణపు ఒడ్డున 1715 ప్రాంతంలో కోట కట్టారు. 1812 యుద్ధంలో బ్రిటిష్ సేనలు ముందుగా చేసిన పనుల్లో ఒకటి మ్యాకినా దీవి మీది కోటను పట్టుకోవడం.

నదికి వాలు కావాలి, జలసంధికి అక్కర్లేదు

అమెరికా మహా సరస్సులు మెట్లు మెట్లుగా ఉంటాయి. సుపీరియర్ సముద్రమట్టానికి సుమారు 183 మీటర్ల ఎత్తున, హ్యూరాన్ సుమారు 176 మీటర్ల ఎత్తున ఉంటాయి. ఆ ఏడు మీటర్ల తేడాను సెయింట్ మేరీస్ నది దిగుతుంది. అక్కడ ఓడలను ఒక మట్టం నుంచి మరో మట్టానికి ఎక్కించి దించే సూ లాక్‌లు కట్టక తప్పలేదు. హ్యూరాన్ నుంచి ఈరీకి సెయింట్ క్లెయిర్, డెట్రాయిట్ నదుల మీదుగా రెండు మీటర్లకు పైగా పల్లం. ఈరీ నుంచి ఒంటారియోకు దాదాపు వంద మీటర్లు. నయాగరా జలపాతం ఉన్నది ఈ మెట్టు మీదే.

మిషిగన్‌కూ హ్యూరాన్‌కూ మధ్య మెట్టు లేదు. నీరు ఇరుకు దారిలో పోవాలంటే అడుగు, ఒడ్ల రాపిడిని తట్టుకోవాలి, అందుకు వాలు కావాలి. దారి ఎంత ఇరుకైతే, ఎంత లోతు తక్కువైతే అంత ఎక్కువ వాలు కావాలి. మ్యాకినా దగ్గర వెడల్పు కిలోమీటర్లలో, లోతు పదుల మీటర్లలో ఉంది. ఇంత అడ్డుకోతలో కొద్ది సెంటీమీటర్ల తేడా చాలు, నీరు పెద్దమొత్తంలో కదిలిపోతుంది. ఒక వైపు మట్టం పెరిగితే నీరు రెండో వైపుకు వెళ్లి సర్దేస్తుంది. నెలవారీ సగటు తీస్తే రెండు మట్టాలకూ తేడా కనిపించదు. అందుకే అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం, కెనడా సంస్థలు ప్రచురించే నీటిమట్టాల నివేదికల్లో ‘మిషిగన్–హ్యూరాన్’ అని ఒకే వరుస ఉంటుంది. ఆ వరుసలో కనిష్ఠ నెల సగటు 2013 జనవరిలో నమోదైన 175.57 మీటర్లు. గరిష్ఠం 1986 అక్టోబరులో నమోదైన 177.50 మీటర్లు. 2013 కనిష్ఠం తర్వాత ఏడేళ్లలోనే, 2020 వేసవికి, మట్టం మళ్లీ ఆ గరిష్ఠానికి దగ్గరగా చేరింది. రెండు తీరాల ఇళ్లూ, రేవులూ ఆ మార్పును ఒకేసారి చవిచూశాయి.

ఎస్టోనియా, రష్యా సరిహద్దులోని పైప్సి సరస్సు దీనికి తిరగేసిన ఉదాహరణ. అక్కడ ఉత్తరాన పెద్ద భాగం, దక్షిణాన ప్స్కోవ్ భాగం, రెంటినీ కలుపుతూ లామ్మియార్వ్ అనే ఇరుకు భాగం ఉన్నాయి. మొత్తం సుమారు 3,555 చదరపు కిలోమీటర్లను ఒకే సరస్సుగా పటాలు గుర్తిస్తాయి. మ్యాకినా దగ్గర భౌతికంగా అదే పరిస్థితి, పేర్లు మాత్రం రెండు. యూరోపియన్ అన్వేషకులు రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టుకున్నాక, పటం దాన్ని స్థిరం చేసేసింది.

మట్టం విపరీతంగా పెరిగినప్పుడో తగ్గినప్పుడో ఈ సందులో గేట్లు ఎందుకు కట్టరాదన్న ప్రశ్న వస్తుంటుంది. సుపీరియర్ ప్రవాహాన్ని సెయింట్ మేరీస్ నదిపై గేట్లతో, ఒంటారియో ప్రవాహాన్ని సెయింట్ లారెన్స్ నదిపై ఆనకట్టతో నియంత్రిస్తున్నారు. మిషిగన్–హ్యూరాన్‌కు అలాంటి ఏర్పాటేదీ లేదు. మ్యాకినా దగ్గర గేట్లు కడితే సరస్సు మట్టం అదుపులోకి రాదు, ఒకే సరస్సు నిలువునా రెండవుతుంది, అంతే. నియంత్రణ కావాలంటే కట్టవలసింది నీరు బయటికి పోయే సెయింట్ క్లెయిర్ నది దగ్గర.

ప్రవాహమా, ఊగిసలాటా

సగటున చూస్తే మిషిగన్ నుంచి హ్యూరాన్‌కు సెకనుకు 1,900 ఘనపు మీటర్ల దరిదాపు, అంటే దాదాపు 67 వేల క్యూసెక్కుల నీరు వెళ్తుంది. మిషిగన్ సరస్సులో వానలు, వాగుల రూపంలో చేరి ఆవిరి కాగా మిగిలిన నీరు ఇది. పోల్చి చూడటానికి, హ్యూరాన్ నుంచి దిగువకు సెయింట్ క్లెయిర్ నదిలో పోయేది సుమారు 1.8 లక్షల క్యూసెక్కులు.

అయితే ఏ రోజైనా పడవేసుకుని సందులోకి వెళ్లి కొలిస్తే ఈ సగటు కనిపించదు. నమూనా అధ్యయనాలు, నీటిలో ఉంచిన వేగమాపకాల కొలతలు చెప్పేది వేరు: ఒక దశలో తూర్పుకు, కొద్ది రోజుల్లో పడమరకు, తీవ్రంగా ఉన్నప్పుడు సెకనుకు 80,000 ఘనపు మీటర్ల దాకా నీరు కదులుతుంది. అంటే దాదాపు 28 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటిందని గుర్తున్నవారికి ఈ పరిమాణం ఏమిటో అర్థమవుతుంది. గోదావరికి అది చరిత్రలో నిలిచిన వరద. మ్యాకినా సందులో దానికి కాస్త తక్కువ ప్రవాహం గట్టి గాలులు వీచినప్పుడల్లా వచ్చే మామూలు విషయం, పైగా దిశ కూడా మారుతుంది. సగటు ప్రవాహానికి ఇది నలభై రెట్లు.

కారణం ఇలా ఉంటుంది. రెండు పెద్ద పళ్ళాలను అడుగున ఒక గొట్టంతో కలిపి ఒక దానిలో నీటిమట్టం కాస్త పెంచితే, నీరు రెండో దానిలోకి వెళ్లి సమమట్టం దగ్గర ఆగిపోదు. గొట్టంలో వేగం పుంజుకున్న నీటికి జడత్వం ఉంటుంది. అది సమమట్టాన్ని దాటి రెండో పళ్ళెంలో మట్టాన్ని పెంచి, మళ్లీ వెనక్కి వస్తుంది. భౌతికశాస్త్రంలో దీన్ని హెల్మ్‌హోల్ట్జ్ డోలనం అంటారు. ఇక్కడ పళ్ళాలు 58 వేల, 59 వేల చదరపు కిలోమీటర్లవి. గొట్టం ఈ జలసంధి. ఒక ఊపు పూర్తికావడానికి రోజులు పడుతుంది. తుఫానుగాలి నీటిని ఒక వైపుకు నెట్టినా, రెండు సరస్సుల మీద వాతావరణ పీడనంలో తేడా వచ్చినా ఊపు మొదలవుతుంది. కొత్త వాతావరణ వ్యవస్థలు వారానికి ఒకటీ రెండూ వచ్చే ప్రాంతం కాబట్టి పాత ఊపు ఆగేలోపే కొత్తది మొదలవుతుంది.

దీనికి పెద్ద మట్టం తేడా అక్కర్లేదని చిన్న లెక్క చెబుతుంది. మిషిగన్ సరస్సు మొత్తం మీద ఒక్క సెంటీమీటరు నీరంటే 0.58 ఘనపు కిలోమీటర్లు, దాదాపు 20 టీఎంసీలు. సెకనుకు 80,000 ఘనపు మీటర్ల ప్రవాహం రెండు గంటల్లో అంత నీటిని దాటించేస్తుంది. రేవులో కొలబద్ద చూసేవారు గమనించని మార్పుకు సందులో నీటివేగం సెకనుకు మీటరు దాకా వస్తుంది.

నీటి నాణ్యత లెక్కల్లో పొరపాట్లు దొర్లేదీ ఇక్కడే. మిషిగన్ సరస్సులో సుమారు 4,900 ఘనపు కిలోమీటర్ల నీరుంది. సగటు ప్రవాహంతో భాగిస్తే అదంతా మారడానికి ఎనిమిది దశాబ్దాలకు పైగా పడుతుందన్న జవాబొస్తుంది. సందులో అటూ ఇటూ మారే నీటిని, రెండు వైపుల నీళ్లు కలిసిపోవడాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ కాలం తగ్గుతుంది. ఏ లెక్క వాడారో చెప్పకుండా రాసిన సంఖ్యలు ఒకదానికొకటి పొసగకపోవడానికి ఇదొక కారణం.

వేసవిలో రెండంతస్తుల నీరు

ఎండాకాలంలో సరస్సుల పైపొర వెచ్చబడి తేలికవుతుంది. కింది నీరు చల్లగా, బరువుగా ఉండిపోతుంది. అప్పుడు జలసంధిలో పైపొర తూర్పుకు, హ్యూరాన్ వైపు సాగుతుంటే, లోతున చల్లని నీరు పడమరగా మిషిగన్‌లోకి చొరబడుతుంది. పైనుంచి తేలే వస్తువు ఒక దిక్కుకు, అడుగున కరిగిన పదార్థం మరో దిక్కుకు పోయే అవకాశం ఉంటుందన్నమాట. 1970ల నాటి కొలతల్లోనే ఇది బయటపడింది. శరదృతువు గాలులకు పొరలు కలిసిపోయాక పైనుంచి కిందదాకా నీరు ఒకే దిక్కుకు కదులుతుంది.

ఈ సందు ఎలా ఏర్పడింది

జలసంధి అడుగున ఒక నదీలోయ ఉంది. సుమారు పది వేల ఏళ్ల కిందట హిమానీనదం వెనక్కి తగ్గాక ఉత్తరాన కెనడాలోని నార్త్ బే వైపు పల్లపు దారి తెరుచుకుంది. మంచు బరువుకు కుంగిన నేల అప్పటికింకా లేవలేదు. సరస్సుల నీరంతా ఆ దారిలో కారిపోయి మట్టాలు ఇప్పటికన్నా ఎంతో కిందికి పడిపోయాయి. మిషిగన్ లోతట్టులో మిగిలిన సరస్సును చిప్పెవా అనీ, హ్యూరాన్ లోతట్టులోనిదాన్ని స్టాన్లీ అనీ భూగర్భశాస్త్రజ్ఞులు పిలుస్తారు. అప్పుడవి నిజంగానే రెండు సరస్సులు. మొదటిదాని నీరు రెండోదాంట్లోకి నదిగా పారింది. ఆ నది కోసిన లోతైన కాలువే నేటి సందు అడుగున మెలికలు తిరుగుతూ కనిపించే 90 మీటర్ల గుంత. మ్యాకినా దీవికి తూర్పున నీటి కింద పాత జలపాతపు మెట్టు కూడా సోనార్ సర్వేల్లో బయటపడింది.

తర్వాత కుంగిన నేల నెమ్మదిగా పైకి లేచింది. ఉత్తరపు దారి ఎత్తవడంతో నీరు వెనక్కి నిండి లోయను ముంచేసింది. రెండు సరస్సులు ఒక్కటయ్యాయి.

ఆ లోయ అక్కడే ఎందుకు పడిందన్నది ఇంకా పాత కథ. ఇక్కడి రాళ్ల అడుగున సిలూరియన్ కాలపు ఉప్పు పొరలుండేవి. భూగర్భజలం ఆ ఉప్పును కరిగించేసింది. పైనున్న డెవోనియన్ కాలపు సున్నపురాయి, డోలమైట్ ఆధారం పోయి కూలాయి. విరిగిన ముక్కలు మళ్లీ సున్నంతో అతుక్కుని గట్టి రాయిగా మారాయి. దీన్ని మ్యాకినా బ్రెక్సియా అంటారు. ఇది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. బాగా అతుక్కున్నచోట చుట్టూ ఉన్న రాయి కరిగిపోయినా స్తంభాల్లా నిలబడుతుంది. మ్యాకినా దీవిలోని ఆర్చ్ రాక్, సెయింట్ ఇగ్నస్ దగ్గరి క్యాజిల్ రాక్ అలాంటివి. అతుకు బలహీనంగా ఉన్నచోట సులువుగా కోసుకుపోతుంది. పిల్లర్లు వేసేవారికీ, సొరంగం తవ్వేవారికీ ఈ అసమానతే తలనొప్పి.

చలికాలం

జనవరి నుంచి ఏప్రిల్ దాకా సందులో మంచు పేరుకుంటుంది. నిలకడగా గడ్డకట్టిన మంచుతో ఓడలకు పెద్ద చిక్కు ఉండదు, ఒకసారి చీల్చిన దారి కొంతకాలం నిలుస్తుంది. చిక్కంతా ఊగే నీటితోనే. ప్రవాహం దిశ మార్చినప్పుడల్లా పలకలు విరిగి, ఒకదానిపైకి ఒకటి ఎక్కి, గాలికి సందు మెడలో కూరుకుంటాయి. ఉదయం తెరిచిన దారి సాయంత్రానికి మూసుకుపోవచ్చు. అమెరికా కోస్ట్ గార్డ్‌కు మహా సరస్సుల్లో ఉన్న పెద్ద మంచు చీల్చే ఓడ ‘మ్యాకినా’ను దగ్గర్లోని షెబోయిగన్ రేవులో ఉంచడం ఇందుకే. 1944 నాటి పాత ఓడ విరమించుకున్న 2006లోనే ఇప్పటిది సేవలోకి వచ్చింది.

మంచు చీల్చడంలో ఇంకో చిక్కుముడి ఉంది. మ్యాకినా దీవి నివాసులు గడ్డకట్టిన నీటి మీదుగానే స్నోమొబైళ్లలో సెయింట్ ఇగ్నస్‌కు వెళ్తారు. వాడేసిన క్రిస్మస్ చెట్లను వరుసగా పాతి దారి గుర్తు పెట్టుకుంటారు. ఓడ వెళ్తే ఆ దారి పోతుంది. అందుకే దీవికీ సెయింట్ ఇగ్నస్‌కూ మధ్య నీటిని, సౌత్ చానల్‌ను కోస్ట్ గార్డ్ చలికాలంలో ఓడలకు మూసేస్తుంది. రౌండ్ దీవి పక్క దారిని ఓడలకు వదులుతుంది.

వంతెన రాకముందు రైలు పెట్టెలను పెద్ద ఫెర్రీల మీద దాటించేవారు. 1888లో వచ్చిన సెయింట్ ఇగ్నస్ అనే ఫెర్రీకి వెనకే కాక ముందు భాగంలోనూ ఒక ప్రొపెల్లర్ అమర్చారు. అది మంచు కింది నీటిని లాగేస్తే, ఆధారం పోయిన మంచు పలక ఓడ బరువుకు సులువుగా విరిగేది. ఈ ఉపాయం తర్వాతి మంచు చీల్చే ఓడల రూపకల్పనలోకి వెళ్లింది.

వంతెన: గాలి, మంచు, రాయి

1957 నవంబరు 1న తెరుచుకున్న మ్యాకినా వంతెన మొత్తం పొడవు సుమారు 8 కిలోమీటర్లు. రెండు ప్రధాన బురుజుల మధ్య వేలాడే భాగం 1,158 మీటర్లు. అంత పొడవు ఎందుకంటే కింద ఆ పాత నదీలోయ ఉంది. లోతైన చోట పునాది వేయడం కన్నా దాన్ని తీగలతో దాటేయడమే మేలనుకున్నారు. డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవిలో ఐ-75 రహదారి మీద ఎగువ ద్వీపకల్పానికి వెళ్తే దాటేది ఈ వంతెననే.

రూపకర్త డేవిడ్ స్టైన్‌మన్ ముందు మూడు సమస్యలున్నాయి. బ్రెక్సియాలో గుహలుంటాయి, పిల్లర్ల బరువు మోయలేదని కొందరు వాదించారు. పరీక్షల్లో బలహీనమైన రాయి కూడా చదరపు అడుగుకు 60 టన్నులకు పైగా మోయగలదని తేలింది. డిజైన్‌లో మోపిన భారం 15 టన్నులు దాటనివ్వలేదు. రెండోది మంచు తోపు. ప్రయోగశాలలో పిల్లరు వెడల్పు ఒక్కో అడుగుకు 23,000 పౌండ్ల గరిష్ఠ ఒత్తిడి తేలితే, దానికి ఐదు రెట్లు తట్టుకునేలా కట్టారు. మూడోది గాలి. 1940లో టకోమా వంతెన గాలికి మెలితిరిగి కూలిన సంగతి అప్పటికి తాజా. అందుకే ఇక్కడ రోడ్డుకు రెండు పక్కలా పదేసి అడుగుల ఖాళీ వదిలారు, లోపలి వరుసల్లో కాంక్రీటు బదులు ఉక్కు జల్లెడ వేశారు. గాలి కిందినుంచి పైకి పోతుంది, పీడనం పేరుకోదు.

కింద నీరు కనిపించే ఆ జల్లెడ మీద బండి నడపడానికి చాలామంది భయపడతారు గానీ వంతెనను కాపాడేది అదే. నిజంగా రాకపోకలు ఆపాల్సి వచ్చేది నిలకడ గాలి గంటకు 65 మైళ్లకు చేరినప్పుడు, లేదా బురుజుల మీదా తీగల మీదా పేరుకున్న మంచు పలకలు రోడ్డు మీద పడేటప్పుడు.

పేర్లు రెండు కావడం వల్ల చట్టంలో వచ్చిన చిక్కు

మిషిగన్ సరస్సు పూర్తిగా అమెరికాలో ఉంది, హ్యూరాన్‌లో కెనడాకూ వాటా ఉంది. 1909 నాటి సరిహద్దు జలాల ఒప్పందం ప్రకారం హ్యూరాన్ సరిహద్దు జలం, మిషిగన్ కాదు. మిషిగన్‌లో కెనడా ఓడలకు రాకపోకల హక్కు మాత్రం ఇచ్చారు.

షికాగో 1900లో తన నది దిశను తిప్పి, సరస్సు నీటిని మిసిసిపీ వైపు మళ్లించింది. చట్టం దృష్టిలో అది అమెరికా లోపలి వ్యవహారం. రాష్ట్రాల మధ్య తగువై సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 తీర్పు ఇలినాయ్‌కి సెకనుకు 3,200 ఘనపుటడుగులు, అంటే 3,200 క్యూసెక్కుల పరిమితి పెట్టింది. మట్టం ఒకటే కాబట్టి ఆ మళ్లింపు తగ్గించిన కొద్ది సెంటీమీటర్లు మిషిగన్ తీరానికే పరిమితం కావు. హ్యూరాన్‌లో భాగమైన కెనడాలోని జార్జియన్ బే రేవుల్లోనూ అంతే తగ్గుతుంది. 2008లో అమలులోకి వచ్చిన మహా సరస్సుల ఒడంబడిక బయటికి నీటి మళ్లింపులను దాదాపు నిషేధించినా, ఇలినాయ్ వాటాను సుప్రీంకోర్టు తీర్పుకే వదిలేసింది.

అడుగున చమురు

వార్తల్లో మ్యాకినా పేరు ఎక్కువగా వినిపించేది లైన్ 5 వల్ల. విస్కాన్సిన్‌లోని సుపీరియర్ నుంచి కెనడాలోని సార్నియా దాకా సుమారు 1,040 కిలోమీటర్ల ఈ పైపులైన్ రోజుకు 5.4 లక్షల బ్యారెళ్ల దాకా తేలిక ముడి చమురు, సహజవాయు ద్రవాలు మోస్తుంది. నిర్వాహకులు ఎన్‌బ్రిడ్జ్ సంస్థ. నేల మీద 30 అంగుళాల వ్యాసమున్న పైపు, సందు దగ్గర 20 అంగుళాల జంట పైపులుగా చీలి సుమారు ఏడు కిలోమీటర్లు నీటి అడుగున సాగుతుంది. 1953లో ఒక ఒడ్డున అతికించుకుంటూ, ఎదుటి ఒడ్డు నుంచి వించీతో లాగి వేశారు. ఒడ్డు దగ్గర కందకం తవ్వి పూడ్చారు. లోతులో మాత్రం అడుగు మీదే వదిలేశారు.

ఇక్కడ పైపుకు ఎదురయ్యే ప్రమాదాలు రెండు రకాలు, రెంటికీ మూలం జలసంధి స్వభావమే. మొదటిది అడుగు కోత. రెండు వైపుల నుంచీ మారి మారి వచ్చే ప్రవాహం పైపు కింది ఇసుకను, మట్టిని తొలిచేస్తుంది. ఆధారం లేని ఖాళీ పొడవు పెరిగేకొద్దీ, పైపు వెనక సుడులు ఒక లయలో విడిపోతూ దాన్ని కంపింపజేస్తాయి. ఏళ్ల తరబడి అలా కంపిస్తే లోహం అలసిపోతుంది. అందుకే రాష్ట్రం 1953లో ఇచ్చిన అనుమతి ఆధారం లేని పొడవు 75 అడుగులు మించరాదని షరతు పెట్టింది. ఆ షరతు కొన్నిచోట్ల ఉల్లంఘన అయింది. తర్వాతి కాలంలో అడుగులోకి బిగించే స్క్రూ దిమ్మెలను వరుసగా అమర్చుతూ వచ్చారు. దీనిలోనూ ఒక ఎదురుదెబ్బ ఉంది. అడుగు నుంచి పైకి లేచిన పైపు లంగరుకు ఇంకా సులువుగా చిక్కుతుంది. పైపుకు దట్టంగా పట్టే మసెల్ జాతి ఆల్చిప్పలు పైపూత తనిఖీని కష్టం చేయడం మరో బాధ.

రెండోది లంగరు. 2018 ఏప్రిల్ 1న ఒక ఓడ లంగరు తెలియకుండా జారి అడుగున ఈడ్చుకుపోయింది. విద్యుత్ కేబుళ్లు తెగి వందల గ్యాలన్ల ఇన్సులేషన్ నూనె నీటిలో కలిసింది, చమురు పైపులు సొట్టపోయాయి గానీ పగలలేదు. అదే ఏడు సందులో లంగరు వేయడాన్ని కోస్ట్ గార్డ్ నిషేధించింది. అయితే జారిపోయే లంగరును నిషేధం ఆపలేదు.

పైపు పగిలితే ఏమవుతుందన్న దానికి జవాబును ఊగిసలాటే నిర్ణయిస్తుంది. నదిలో అయితే చమురు దిగువకే పోతుంది, ముందే వెళ్లి అడ్డుకట్ట వేయవచ్చు. 2010లో కలమజూ నదిలో ఇదే సంస్థకు చెందిన వేరే పైపులైన్ పగిలినప్పుడు శుభ్రం చేయడానికి ఏళ్లు పట్టింది, అయినా దిక్కు మాత్రం తెలుసు. మ్యాకినాలో ఆ రోజు గాలి, ప్రవాహ దశను బట్టి చమురు రెండు సరస్సుల్లో దేనిలోకైనా పోవచ్చు, పోయినది తిరిగి రావచ్చు. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో 840 రకాల పరిస్థితులను కంప్యూటర్ నమూనాలో పరీక్షించారు. అన్నీ కలిపి చూస్తే 1,100 కిలోమీటర్లకు పైగా తీరానికి ముప్పుందని తేలింది. ఈ సంఖ్యను చాలాచోట్ల తప్పుగా చదువుతారు. ఒక్క ప్రమాదంలో అంత తీరం పాడవుతుందని దీని అర్థం కాదు. ఏ ఒక్క ప్రమాదంలో దెబ్బతినేదైనా ఇందులో కొంత భాగమే. ఆ భాగం ఎక్కడన్నది ముందుగా చెప్పలేం కాబట్టి, సహాయక బృందాలు ఆ తీరమంతటికీ సిద్ధంగా ఉండాలి.

అలలు ఎత్తుగా ఉంటే చమురు అడ్డుకట్టలు పనిచేయవు, చిన్న పడవలు వెళ్లలేవు. అందుకే 2017 ఒప్పందంలో అలలు 8 అడుగులు దాటితే పంపింగ్ ఆపాలన్న షరతు వచ్చింది. మంచు కాలానికి అలాంటి సూటి హద్దు పెట్టడం కష్టం. పలకల కింద చేరిన చమురును తీయడానికి నమ్మదగిన పద్ధతులు తక్కువ.

సరస్సు అడుగు మిషిగన్ రాష్ట్రానిది, ప్రజల తరఫున రాష్ట్రం దానికి ధర్మకర్త. ఆ హోదాతోనే గవర్నర్ గ్రెచెన్ విట్మర్ 2020 నవంబరులో పాత అనుమతిని రద్దుచేస్తూ నోటీసు ఇచ్చారు. పైపులైన్ భద్రత ఫెడరల్ ప్రభుత్వ పరిధిలోనిదని సంస్థ వాదించింది. అమెరికాతో 1977లో కుదిరిన పైపులైన్ ఒప్పందాన్ని కెనడా 2021లో ముందుకు తెచ్చింది. చమురు పారుతూనే ఉంది. పైపులైన్‌ను ఆపించడానికి రాష్ట్రం వేసిన కేసు రాష్ట్ర కోర్టులో నడవాలా, ఫెడరల్ కోర్టులోనా అన్న విషయమే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూన్‌లో ఆ ప్రశ్నను కోర్టు విచారణకు స్వీకరించింది.

సొరంగం ఏం మారుస్తుంది

ప్రత్యామ్నాయంగా 2018లో కుదిరిన ప్రతిపాదన, అడుగు రాతిలో సుమారు ఆరు కిలోమీటర్ల సొరంగం తవ్వి అందులో కొత్త పైపు వేయడం. మిషిగన్ ప్రజాసేవల కమిషన్ 2023 డిసెంబరులో ఆమోదం తెలిపింది. సైనిక ఇంజనీర్ల విభాగం పర్యావరణ ప్రభావ ముసాయిదాను 2025 మే చివర్లో విడుదల చేసింది.

సొరంగంతో లంగరు ప్రమాదం, అడుగు కోత రెండూ పోతాయి. చమురు రవాణా కొనసాగాలా వద్దా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు, వ్యతిరేకించే ఆదివాసీ తెగలు, పర్యావరణ సంస్థల ప్రధాన అభ్యంతరం అదే. తవ్వకంలోనూ చిక్కులున్నాయి. పాత నదీలోయ మధ్యలో రాతిని లోతుగా కోసి, పైన మట్టి, గులకరాళ్లతో నిండి ఉంది. గట్టి రాయిలోనే సాగాలంటే సొరంగం ఆ లోయ కిందికి దిగి, మళ్లీ ఎక్కాలి. సంస్థ ప్రణాళికలో సొరంగం లోతు సరస్సు అడుగు కింద 60 అడుగుల నుంచి 370 అడుగుల దాకా మారడానికి ఇదొక కారణం. దారిలో వచ్చే బ్రెక్సియా ఒకచోట గట్టిగా, పక్కనే పగుళ్లతో, పైనున్న నీటి పీడనానికి తెరుచుకునేలా ఉండొచ్చు. అంత పీడనాన్ని తవ్వే యంత్రం ముందు భాగంలోనే ఆపాలి. రాతి నమూనాల కోసం వేసే బోరు రంధ్రాలు ఎన్ని ఉండాలి, ఎంత దగ్గరగా ఉండాలి అన్న విషయం మీద ఇంజనీర్ల మధ్య వాదన నడుస్తున్నది ఇందుకే. ఆ పని పూర్తయి కొత్త పైపు అందుబాటులోకి వచ్చేదాకా, కోర్టులు ఈలోగా ఆపమంటే తప్ప, 1953 నాటి జంట పైపుల్లోనే చమురు పారుతుంది.